చిలికకు ఆరుగురు, సింహరాజకు ఇద్దరు

ప్రశ్న: మాది బరంపురం. నాకూ మావారికీ పక్షులంటే ప్రాణం. ఇప్పటిదాకా గోపాల్‌పూర్ తీరంలోనూ, ఇచ్ఛాపురం దగ్గర తేలుకుంచిలోనూ చూసినవే. ఈ డిసెంబరు సెలవుల్లో అత్తగారు, మావగారు, పన్నెండేళ్ల పాప, ఆరేళ్ల బాబుతో మా ఏడు సీట్ల కారులో చిలిక వెళ్దామని, ఫిబ్రవరిలో పిల్లల్ని పెద్దవాళ్ల దగ్గర ఉంచి మేమిద్దరం ఎనిమిది రోజులు శ్రీలంక వెళ్దామని అనుకుంటున్నాం. మావారు పెద్ద లెన్సు కొందామంటారు, నేను బైనాక్యులర్స్ చాలంటాను. మావగారికి మోకాళ్ల నొప్పులు, బాబుకి కారెక్కితే వాంతులు. ఎలా ప్లాన్ చేసుకోవాలి?
— ఒక పాఠకురాలు, బరంపురం

జవాబు: ముందు కొనే వస్తువు సంగతి తేల్చేద్దామమ్మా. బైనాక్యులర్స్ ఒకటి కాదు, రెండు కొనండి. పెద్ద లెన్సు ఈ ఏడాదికి ఆపండి. ఇద్దరికీ కలిపి ఒకటే ఉంటే, ఒకరు చూసి రెండోవారి చేతికిచ్చేలోపు పిట్ట ఎగిరిపోతుంది. పక్షుల కోసం వెళ్లిన భార్యాభర్తలు మొహాలు ముడుచుకుని తిరిగొచ్చేది ఎక్కువగా ఇందుకే. లెన్సు ఖరీదులో చిన్న భాగంతో రెండు మంచి బైనాక్యులర్స్ వస్తాయి.

8×42 అని రాసి ఉన్నది తీసుకోండి. 8 అంటే ఎన్ని రెట్లు దగ్గరగా చూపిస్తుందో, 42 అంటే ముందు అద్దం ఎన్ని మిల్లీమీటర్ల వెడల్పో. 42ని 8తో భాగిస్తే వచ్చే 5.25 మిల్లీమీటర్ల వెలుగు కంటిపాపకు చేరుతుంది. తెల్లవారుజామున, చిక్కటి అడవి నీడలో పనికొచ్చేది అదే. 20 రెట్లు, 30 రెట్లు, జూమ్ అని అమ్మేవాటి జోలికి వెళ్లొద్దు. చేతి వణుకు కూడా అన్ని రెట్లు పెరుగుతుంది, పైగా కనిపించే వెడల్పు తగ్గి పిట్టను వెతుక్కోవడమే సరిపోతుంది. మణికట్టు నొప్పి ఉన్నవారికి 8×32 తేలిక, వెలుగు మాత్రం కాస్త తక్కువ. పది వేల లోపు బడ్జెట్ అయితే వంకర గొట్టాలుండే పోరో ప్రిజం రకం చూడండి. అదే ధరకు వచ్చే తిన్నని గొట్టాల రకం కంటే బొమ్మ స్పష్టంగా ఉంటుంది. తిన్నని గొట్టాలవి నీటికి, దుమ్ముకు బాగా తట్టుకుంటాయి. బడ్జెట్ కాస్త పెంచగలిగితే వాటిలో, లోపల ఆవిరి పట్టకుండా నైట్రోజన్ నింపినది తీసుకోండి. మీలో ఎవరు కళ్లజోడు పెట్టుకున్నా 'ఐ రిలీఫ్', అంటే కంటికీ బైనాక్యులర్స్ వెనక అద్దానికీ మధ్య ఉండగల దూరం, 15 మిల్లీమీటర్లకు తగ్గకూడదు, తగ్గితే చుట్టూ నల్లటి వలయం తప్ప ఏమీ కనపడదు.

కొన్నాక సర్దుకోవడం తెలియాలి. చాలామంది ఈ పని చెయ్యకుండానే 'తలనొప్పి వస్తోంది' అని పక్కన పడేస్తారు. కళ్లజోడు ఉంటే కంటి దగ్గరి రబ్బరు కప్పులు లోపలికి దించెయ్యండి, లేకపోతే పైకి తియ్యండి. రెండు గొట్టాల్నీ వంచుతూ రెండు వృత్తాలూ ఒకే వృత్తంగా కలిసేదాకా తీసుకురండి. ఇరవై ముప్పై అడుగుల దూరంలో ఏదైనా బోర్డు మీది అక్షరాలు ఎంచుకోండి. కుడివైపు ముందు అద్దాన్ని అరచేత్తో మూసి, ఎడమ కంటికి స్పష్టంగా కనిపించేదాకా నడిమి చక్రం తిప్పండి. తరవాత ఎడమవైపు మూసి, ఈసారి నడిమి చక్రం ముట్టుకోకుండా కుడి కంటి దగ్గరి చిన్న రింగు తిప్పండి. ఆ రింగు మీద గీత ఎక్కడుందో గుర్తు పెట్టుకోండి. ఇకమీదట నడిమి చక్రం ఒక్కటే తిప్పాలి. మీ బైనాక్యులర్స్ మీది, ఆయనవి ఆయనవి. మార్చుకుంటే ఈ సర్దుబాటంతా పోతుంది.

పిట్ట కనిపించగానే దాని మీంచి చూపు తిప్పకుండా బైనాక్యులర్స్ కంటి దగ్గరికి తేవాలి. కిందికి చూసి అందుకుని మళ్లీ పైకి చూస్తే అది ఉన్న కొమ్మ దొరకదు. ఒకరికొకరు చోటు చెప్పుకోవడానికి గడియారం లెక్క పెట్టుకోండి: పడవ ముక్కు పన్నెండు, కుడిచెయ్యి మూడు. 'పదకొండు దగ్గర, రెల్లు అంచున' అంటే చాలు. 'అదిగో, అక్కడ, ఆ చెట్టు' అనే మాటలు పడవలో ఎందుకూ పనికిరావు.

మన తీరంలో ఇంకో సమస్య తేమ. ఏసీ కారులోంచి దిగగానే అద్దాల మీద ఆవిరి పడుతుంది, మంచి వెలుగున్న మొదటి పావుగంట దాన్ని తుడుచుకోవడంతోనే పోతుంది. కాబట్టి చివరి అరగంట ఏసీ కట్టేసి, కిటికీ దించి వెళ్లండి. ఇంట్లో బీరువాలో పెడితే బరంపురం గాలికి ఒక్క వర్షాకాలంలోనే అద్దం లోపల బూజు పట్టొచ్చు. గాలి చొరబడని ప్లాస్టిక్ డబ్బాలో సిలికా జెల్ పొట్లాలతో ఉంచండి, రంగు మారే రకమైతే ఎప్పుడు ఎండబెట్టాలో అదే చెబుతుంది.

ఇక చిలిక. దీన్ని ఆరుగురూ కలిసి చేసే పక్షుల యాత్రగా అనుకుంటే అందరూ ఇబ్బంది పడతారు. ఒక తెల్లవారుజాము మీ ఇద్దరిది, మిగతా సమయమంతా కుటుంబానిది. ఆ ఒక్క పూటనూ గట్టిగా పట్టుకోండి, మిగతాది సడలించండి.

రెండు రాత్రులు బాలుగాఁవ్ పక్కన బార్కుల్‌లో ఉండండి. ఒడిశా పర్యాటక శాఖ అతిథిగృహం పాంథనివాస్ సరస్సు ఒడ్డునే ఉంది. బరంపురం నుంచి 16వ నంబరు జాతీయ రహదారి మీద గంటన్నర, మావగారి కోసం ఒకసారి ఆగినా రెండు గంటలు. దారిలోనే రంభ వస్తుంది, అక్కడి పాంథనివాస్‌లో టీ తాగి పిల్లలకు మొదటిసారి సరస్సు చూపించొచ్చు. డిసెంబరు 25 నుంచి జనవరి 2 దాకా మాత్రం వద్దు. పిక్నిక్ బస్సులు, సౌండు బాక్సులు, పడవల కోసం బారులు. సెలవులు మొదలైన మొదటి రెండు మూడు రోజులు, అవీ సోమవారం నుంచి గురువారం లోపు అయితే మేలు. సంక్రాంతికి కాళిజాయి అమ్మవారి జాతర, అప్పుడు ఆ వైపు కాలు పెట్టే చోటుండదు.

మీ ఇద్దరి పూట సరస్సు ఉత్తర ఒడ్డున చిత్తడి నేలలున్న మంగళజోడి అనే ఊరిది. టాంగి దగ్గర హైవే దిగి కాస్త లోపలికి వెళ్లాలి, బార్కుల్ నుంచి గంట వేసుకోండి. ఆ రోజుల్లో సూర్యోదయం ఆరుంబావు ప్రాంతంలో. ఆరింటికి పడవ రేవులో ఉండాలంటే అయిదింటికి బయల్దేరాలి. గైడునీ పడవనీ అక్కడి గ్రామస్తుల పర్యాటక సంఘం దగ్గర ముందే ఫోనులో మాట్లాడుకోండి, అప్పటికప్పుడు వెళ్తే మంచి గైడు దొరకడు. ఒకప్పుడు ఈ ఊళ్లో చాలామంది ఇవే పక్షుల్ని వేటాడి అమ్మేవారు. 2000 ప్రాంతంలో వేట మాని కాపలాకు దిగారు. ఏ రెల్లు పొద వెనక ఏది కూర్చుంటుందో వాళ్లకు తెలిసినట్టు ఇంకెవరికీ తెలియదు. మీకు ఒడియా వచ్చు కాబట్టి ఇది మీకు పెద్ద వరం. బయటి రాష్ట్రాల నుంచి వచ్చేవాళ్లు అందుకోలేనిది మీరు మాటల్లోనే రాబట్టొచ్చు.

అవి వెదురుగడతో తోసే అడుగు చదునైన పడవలు. మోటారు చప్పుడు ఉండదు కాబట్టి పక్షులు బెదరవు. పాపను తీసుకెళ్లండి, బాబును వద్దు. రెండు మూడు గంటలు కదలకుండా కూర్చోవడం ఆరేళ్ల పిల్లాడికి శిక్ష, పడవలో బాత్‌రూమ్ కూడా ఉండదు. మావగారికీ వద్దు, మోకాళ్లు ముడుచుకుని కూర్చోవాలి. తెల్ల చొక్కా, ఎర్ర షాలు వేసుకోవద్దు; మట్టి రంగు, ఆకుపచ్చ బట్టలు మంచివి. లైఫ్ జాకెట్ కట్టుకున్నాకే బైనాక్యులర్స్ మెడలో వేసుకోండి, జాకెట్ కింద ఇరుక్కుంటే అవసరానికి అందవు. ఎండ మీ వీపు వెనక ఉండేలా పడవ తిప్పమని అడగడం మరిచిపోకండి. ఎదురెండలో ఏ బాతైనా నల్ల బొమ్మే.

ఏం చూడాలి? నూట యాభై రకాల పేర్లు బట్టీ పెట్టొద్దు, ఆరేడింటిని క్షుణ్ణంగా నేర్చుకోండి. సూదితోక బాతు, చక్రవాకం తేలిక. పొడుగు తిన్నని ముక్కును బురదలో కుట్టుమిషను సూదిలా దించేది బ్లాక్ టెయిల్డ్ గాడ్విట్, ఎగిరినప్పుడు రెక్క మీద తెల్లపట్టీ, తోక చివర నలుపు చూడండి. ఎర్రటి పొడుగు కాళ్లది స్టిల్ట్. తామరాకుల మీద పొడుగు వేళ్లతో నడిచేవి జకానాలు. రెల్లు అంచున ఊదా రంగులో కోడిలా తిరిగేది స్వాంఫెన్. పాపకు రంగు, ముక్కు, కాళ్లు, ఏం చేస్తోంది అన్న నాలుగు విషయాలు నోటుపుస్తకంలో రాయమనండి. పేరు తరవాత దొరుకుతుంది. నీళ్లు తగ్గి బురద తేలేకొద్దీ గాడ్విట్ లాంటివి పెరుగుతాయి కాబట్టి నవంబరు కంటే డిసెంబరు, జనవరి నయం.

నలబన ద్వీపం సంగతి అడుగుతారని తెలుసు. 15.53 చదరపు కిలోమీటర్ల అభయారణ్యం, పక్షులు గొప్పగానే ఉంటాయి, కానీ దిగనివ్వరు, మోటారు పడవ దూరంగానే ఆగుతుంది. మీ సమయానికి మంగళజోడే సరి. సాతపడా డాల్ఫిన్లు కూడా ఈసారి వద్దు. అది సరస్సు అవతలి కొస, సముద్రం వైపు. అది వేరే ప్రయాణం.

పది గంటలకల్లా బార్కుల్ తిరిగొచ్చేస్తారు. ఆ మధ్యాహ్నం పడుకోండి, పిల్లల్ని ఒడ్డున ఆడుకోనివ్వండి. మూడో రోజు ఉదయం అందరూ కలిసి మోటారు పడవలో కాళిజాయి ద్వీపానికి. అత్తగారికి అమ్మవారి దర్శనం, బాబుకి పడవ షికారు. మధ్యాహ్నం దాటితే గాలి లేచి నీళ్లు ఊగుతాయి, అందుకే తొమ్మిదింటికే వెళ్లాలి. మరుసటి నెలలో ఒక ఆదివారం ఉంటే బుగుడ, అస్కా వైపు భేట్నోయి పొలాల్లో కృష్ణజింకల్ని చూపించండి. అక్కడి రైతులే వాటిని తరతరాలుగా కాపాడుకుంటున్నారు. కారు దిగకుండానే, రోడ్డు మీంచే కనిపిస్తాయి. మావగారికి ఇంతకంటే సుఖమైన అడవి యాత్ర ఉండదు.

కారు గురించి. మూడో వరసలో పాపనూ మీవారినో మిమ్మల్నో కూర్చోబెట్టండి. బాబును రెండో వరసలో కిటికీ దగ్గర, ముందుకు చూసేలా, ఎత్తు చాలకపోతే బూస్టర్ సీటు వేసి. వెనక వరసలో కుదుపు ఎక్కువ, వాంతులు అక్కడే మొదలవుతాయి. బయల్దేరడానికి గంట ముందు రెండు ఇడ్లీలు చాలు, పాలు వద్దు, ఖాళీ కడుపూ వద్దు. ఫోను, బొమ్మల పుస్తకం కారులో ఇవ్వొద్దు. కళ్లు కదలని బొమ్మను చూస్తూ, చెవి లోపలి భాగం కదలికను చెబుతుంటేనే కదా వాంతి వచ్చేది. మాత్ర వెయ్యాలంటే పిల్లల డాక్టరు చెప్పిన మోతాదులో, బయల్దేరే ముందే వెయ్యాలి. మొదలయ్యాక వేస్తే అదీ బయటికొచ్చేస్తుంది. మావగారు ముందు సీటులో, సీటు వెనక్కి జరిపి. గంటకోసారి దిగి అయిదు నిమిషాలు నడవాలి.

ఆరుగురు ఎక్కితే డిక్కీలో చోటు మిగలదు, సూట్‌కేసులు మాని మెత్తటి సంచులు వాడండి. టైర్ల గాలి డ్రైవరు డోరు స్తంభం మీద అంటించిన స్టిక్కరులో 'ఫుల్ లోడ్' కింద రాసిన అంకెకు, టైర్లు చల్లగా ఉన్నప్పుడే కొట్టించండి. స్టెప్నీ కూడా. వెనక బరువు పడితే హెడ్‌లైట్లు పైకి లేచి ఎదుటివాడి కళ్లలో పడతాయి, స్టీరింగు దగ్గర లెవలింగ్ చక్రం ఉంటే ఒకటో రెండో అంకె దించండి. అయిదింటికి టాంగి వైపు వెళ్లేటప్పుడు సరస్సు పక్క మంచు ఉంటుంది. హైబీమ్ వెయ్యొద్దు, అది మంచు మీద పడి తెల్లగోడలా కనిపిస్తుంది. కదులుతూ హజార్డ్ లైట్లూ వద్దు. అప్పుడు మీరు ఎటు తిరుగుతున్నారో వెనకవాడికి తెలియదు.

ఫిబ్రవరికి ముందు ఒక పని తప్పకుండా చెయ్యండి. చిలికలో పక్షిని కంటితో వెతుకుతారు, శ్రీలంకలోని సింహరాజ వానల అడవిలో చెవితో వెతకాలి. ఆ తేడా తెలియకుండా వెళ్లినవాళ్లు మొదటి రెండు రోజులు ఆకులు చూసి వస్తారు. జనవరిలో ఒక వేకువన మీ ఇద్దరే తప్తపాణి వెళ్లండి. బరంపురం నుంచి యాభై కిలోమీటర్లు, వేడినీటి ఊట చుట్టూ కొండ అడవి. రోడ్డు పక్కన ఒకేచోట గంటసేపు కదలకుండా నిలబడి, కూత ఏ ఎత్తు నుంచి వస్తోందో ముందు తేల్చుకోండి: పొదా, నడిమి కొమ్మలా, చెట్టు చిటారా. మెర్లిన్ యాప్ కూత విని పేరు సూచిస్తుంది, కానీ కంటితో చూశాకే నమ్మండి. శ్రీలంక పక్షుల ప్యాక్ ఇంట్లో వైఫై ఉన్నప్పుడే దించుకోండి.

శ్రీలంకలో మాత్రమే ఉండే పక్షులు ముప్పైకి పైగా ఉన్నాయి. వాటిలో ఎక్కువ భాగం నైరుతి మూలనున్న తడి అడవుల్లో, నడిమి కొండల్లో. అందుకే ఫిబ్రవరి సరైన నెల. నైరుతి రుతుపవనం మే నుంచి, అప్పుడు ఆ అడవుల్లో వాన వదలదు. మీ ఎనిమిది రోజుల్లో బుందల, యాల జాతీయ పార్కులు పెట్టుకోవద్దని గట్టిగా చెబుతాం. బుందల గొప్ప చిత్తడి నేలే, కానీ అక్కడి వలస పక్షుల్లో చాలావాటిని మీరు డిసెంబరులో మంగళజోడిలో ఇంకా దగ్గరగా చూసి ఉంటారు. యాల చిరుతలది, జీపుల రద్దీది.

ఇలా వెయ్యండి: కొలంబో విమానాశ్రయం నుంచి నేరుగా తడి అడవులున్న కిటుల్‌గల, రెండు రాత్రులు. అక్కడినుంచి కొండల మీది నువర ఎలియ, రెండు రాత్రులు. తరవాత సింహరాజ, మూడు రాత్రులు. చివరి రోజు ఎయిర్‌పోర్టుకు. మ్యాపులో దూరాలు చిన్నవి, కానీ కొండ రోడ్ల మీద గంటకు ముప్పై, ముప్పై అయిదు కిలోమీటర్లే నడుస్తుంది. నువర ఎలియ నుంచి సింహరాజకు ఒక పూటంతా పోతుంది, ఆ రోజు ఇంకేమీ పెట్టుకోకండి. కారు మీరు నడపొద్దు. మన లైసెన్సు నేరుగా చెల్లదు, పైగా నడిపేవారు పక్షుల్ని చూడలేరు. డ్రైవరుతో కారు మాట్లాడుకుని, ప్రతి చోటా స్థానిక గైడును విడిగా తీసుకోండి. మొత్తం యాత్రకు ఒకే పక్షుల గైడు కంటే ఇది ఇద్దరికి చవక.

నువర ఎలియలో సాయంత్రం విక్టోరియా పార్కు. ఊరి నడుమ మామూలు తోటే, కానీ చలికాలంలో హిమాలయాల నుంచి వచ్చిన కశ్మీర్ ఫ్లైక్యాచర్, పైడ్ థ్రష్ అక్కడ దొరుకుతాయి. తెల్లారి హార్టన్ ప్లెయిన్స్; రెండు వేల మీటర్ల పైన, వేకువన పది డిగ్రీల లోపు చలి. బరంపురంలో ఉతికి దాచిన స్వెటర్ తీసుకెళ్లండి. దారి పక్కనున్న అరెంగా పూల్ దగ్గర సూర్యోదయానికి ముందే నిలబడితే విజిలింగ్ థ్రష్ నీటి అంచుకు రావచ్చు. వెలుగు పూర్తిగా వచ్చాక అది లోపలికి వెళ్లిపోతుంది.

సింహరాజ 1988లో యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలో చేరింది. గైడు లేకుండా లోపలికి పంపరు. ఇక్కడ పక్షులు గుంపుగా తిరుగుతాయి, పది రకాలు ఒకే జట్టుగా. గంటన్నర ఏమీ కనపడదు, తరవాత పది నిమిషాల్లో అంతా మీద పడుతుంది. ముందు నారింజ ముక్కు బ్యాబ్లర్ల గోల వినిపిస్తుంది, వెంట ఏట్రింత (డ్రోంగో). మీరు తప్తపాణి అడవిలో చూడగలిగే రాకెట్ తోక ఏట్రింతకు ఇది దగ్గరి చుట్టం, తోక చివర ఆ ఈకల బిళ్లలు లేనిది. గోల వినగానే దాని వెంట పరిగెత్తొద్దు, దారి మీదే ఆగండి. జట్టు మిమ్మల్ని దాటుకుంటూ వెళ్తుంది. నేల దగ్గర మొదలుపెట్టి పైకి చూడండి: బూడిద తల లాఫింగ్‌థ్రష్ కింద, నీలి మాగ్‌పై నడిమి కొమ్మల్లో, ఎర్రమొహం మాల్‌కోహా చిటారున. ఒకరు కింద, ఒకరు పైన పంచుకుంటే ఇద్దరికీ ఎక్కువ దొరుకుతాయి. రెండు జతలు కొనమన్నది ఈ పది నిమిషాల కోసమే.

సెరెండిబ్ స్కాప్స్ గుడ్లగూబను మొదటిసారి కంటితో చూసింది 2001లో, 2004లో కొత్త జాతిగా ప్రకటించారు. అది పగలు కూర్చునే చోటు గైడుకు తెలిస్తే చూపిస్తాడు. ఫ్లాష్ వెయ్యొద్దు, కూత రికార్డు పెట్టి పిలవమని అడగొద్దు. రోజూ ఎవరో ఒకరు అలా పిలిస్తే ఆ పక్షి చోటు వదిలేస్తుంది.

జలగలు ఉంటాయి. మామూలు మేజోళ్లలోంచి దూరిపోతాయి. మోకాలి దాకా వచ్చే, ఒత్తుగా నేసిన జలగ మేజోళ్లు కొనుక్కోండి, ప్యాంటు వాటి లోపలికి దోపాలి. పట్టుకుంటే గోటితో పక్కకు తోసి తియ్యండి. రక్తం వెంటనే ఆగదు, గుడ్డతో నొక్కి ఉంచండి. రక్తం పలచబరిచే మందులు వాడుతుంటే ముందే డాక్టరును అడగండి.

మీవారి కెమెరా కోరిక పూర్తిగా కాదనలేం. ఉన్న కెమెరాతోనే పడవలో షట్టరు వేగం సెకనులో వెయ్యో వంతు కంటే ఎక్కువ పెట్టమనండి. ట్రైపాడ్ బదులు కిలోన్నర బియ్యం పోసి కుట్టిన గుడ్డసంచి పడవ అంచున వేసి లెన్సు ఆనిస్తే కదలదు. సింహరాజ చీకట్లో ఫోటో కోసం తాపత్రయపడితే ఫోటో రాదు, పక్షీ కనపడదు. ఉదయం మొదటి గంట కెమెరా సంచిలోనే ఉంచే ఒప్పందం చేసుకోండి.

పాస్‌పోర్టుకు ఆరు నెలల గడువుండాలి. ప్రయాణ అనుమతికి శ్రీలంక ప్రభుత్వ వెబ్‌సైటులోనే అర్జీ పెట్టండి, అలాంటి పేరుతో ఎక్కువ రుసుము గుంజే సైట్లు చాలా ఉన్నాయి. ఫిబ్రవరి 4 అక్కడి స్వాతంత్ర్య దినం, పౌర్ణమి రోజు 'పోయ' అనే బౌద్ధ సెలవు. ఆ రోజుల్లో పార్కులు కిక్కిరిసి ఉంటాయి, అటూ ఇటూ తేదీలు చూసుకోండి. సార్క్ దేశాలవారికి కొన్ని పార్కుల్లో టికెట్ తక్కువ, గేటు దగ్గర పాస్‌పోర్టు చూపించండి. బరంపురం నుంచి చెన్నైకి రైలులో వెళ్తే విమానం అదే రోజుది తీసుకోవద్దు, ఒక రాత్రి చెన్నైలో ఆగండి. కెమెరా బ్యాటరీలు, పవర్ బ్యాంకు చేతి సంచిలోనే ఉండాలి, చెక్ ఇన్ సామానులో పెట్టనివ్వరు.

ఇంట్లో అత్తగారి చేతికి ఒక కాగితం రాసివ్వండి: పిల్లల డాక్టరు నంబరు, బాబు బరువు, జ్వరం మందు మోతాదు, స్కూలు ఆటో అతని నంబరు, మీ హోటళ్ల పేర్లు తేదీలవారీగా. ఎయిర్‌పోర్టులోనే లోకల్ సిమ్ తీసుకోండి. టైము మనదే కాబట్టి రోజూ రాత్రి ఏడింటికి అని ఫోను వేళ పెట్టుకోవచ్చు. సింహరాజ దగ్గర సిగ్నల్ దొరకని పూటలు ఉంటాయని మాత్రం ముందే చెప్పి వెళ్లండి, లేకపోతే ఆ మూడు రాత్రులూ ఆవిడకు నిద్ర పట్టదు.